ఇరవై మూడో క్లాసు

రెడ్ లైటు చూసి కారు ఆపడం, గేరు న్యూట్రల్‌లోకి తేవడం, హ్యాండ్ బ్రేకు లాగడం. ఈ మూడు పనులూ వరస తప్పకుండా చెయ్యడానికి నెమ్మదక్కకి ఇరవై రెండు క్లాసులు పట్టాయి. ఇరవై మూడో క్లాసు రోజున, సోమవారం పొద్దున్న, ఎవరూ గుర్తు చెయ్యకుండానే మూడూ చేసేసి, పక్క సీట్లో ఉన్న డ్రైవింగ్ టీచరమ్మ వంక గర్వంగా చూసింది.

"భేషక్కా! ఇంక సిగ్నల్ వంక చూడు. పచ్చ లైటు వెలిగేది అక్కడ, నా మొహంలో కాదు," అంది టీచరమ్మ.

నెమ్మదక్క నవ్వేసి, సిగ్నల్ మీద తగ్గిపోతున్న అంకెల్ని పైకే చదవడం మొదలుపెట్టింది. నలభై రెండు, నలభై ఒకటి, నలభై. ఆవిడకి అసలు పేరు లేకపోలేదు, రిజిస్టర్లో ఉంది. కానీ సైకిల్ మీద పాలు తెచ్చేవాళ్ళు కూడా దాటిపోయేంత నిదానంగా కారు నడిపే మనిషిని డ్రైవింగ్ స్కూల్లో అందరూ నెమ్మదక్క అనే పిలిచేవాళ్ళు. యాభై ఆరేళ్ళు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. మొగుడికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. ఇన్నాళ్ళూ ఆయనే కారు నడుపుకుంటూ వెళ్ళి చేయించుకునేవాడు, ఇప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి. ఇంటి ముందు కారు గుడ్డ కప్పుకుని కూర్చుంది. అందుకని ఈ వయసులో ఈవిడ స్టీరింగు పట్టింది. మొదటి నాలుగు క్లాసులూ కారు కదిలితే చాలు కళ్ళు మూసేసుకునేది. టీచరమ్మ తల ప్రాణం తోకకొచ్చింది.

"పంతొమ్మిది, పద్దెనిమి..."

వెనకనించి ధనేల్‌మంది. కారు ఒక్క గెంతులో తెల్లగీత దాటేసింది. వెనకద్దం పొడిపొడిగా రాలి సీటంతా పరుచుకుంది. టీచరమ్మ కాలు దానంతటదే తన వైపున్న బ్రేకు మీద పడింది, చెయ్యి నెమ్మదక్క గుండెలకి అడ్డంగా వెళ్ళింది. పదకొండేళ్ళుగా అలవాటైన చెయ్యి అది.

"మెడ తిప్పు అక్కా. ఈ పక్కకి. ఇప్పుడా పక్కకి. నొప్పుందా?"

"లేదు. నేనేం చేశాను టీచరమ్మా? నేనేమన్నా చేశానా?"

"నిలబడ్డ కారుని ఎవడో గుద్దితే నువ్వేం చేస్తావే తల్లీ! ఊపిరి పీల్చుకో."

గుద్దింది బ్రెడ్డు వ్యాను. దాని డ్రైవరు నలభయ్యేళ్ళ మనిషి, దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. రెండు చేతులూ జోడించేశాడు. "తప్పు నాదేనమ్మా. ఫోన్లో షాపువాడు తొందర పెడుతుంటే ఒక్క క్షణం చూపు తిప్పాను. మా వ్యానుకి ఇన్సూరెన్సుంది, మీకు పైసా నష్టం రానివ్వను," అంటూ కాగితాలన్నీ చూపించాడు. ఆయన్ని చూస్తే టీచరమ్మకే జాలేసింది. వెనకాల బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నాయి, పక్కకి తియ్యండని జనం అరుస్తున్నారు. అందరూ కలిసి కారుని తోసి గట్టు పక్కన పెట్టారు. వ్యానూ పక్కకి వెళ్ళింది. ఫొటో తియ్యాలని ఒక్కరికీ తట్టలేదు. టీచరమ్మ ధ్యాసంతా నెమ్మదక్క చేత మంచినీళ్ళు తాగించడం మీదే ఉంది.

టీచరమ్మ తమ్ముడి మెకానిక్ షెడ్డుకి కారుని తాడు కట్టి లాక్కెళ్ళారు. తమ్ముడు దాని కిందికి దూరి, చాలాసేపటిదాకా బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ, "దీన్ని గుద్దింది బ్రెడ్డు వ్యానేనా అక్కా? లోపల బ్రెడ్డు కాకుండా ఇటుకలు పెట్టుకున్నాడా?" అన్నాడు. అక్క నవ్వలేదు. వాడికీ నవ్వు రాలేదు, ఊరికే అన్నాడు.

"సంగతి చెప్పరా."

"కింద ఫ్రేము వంగిపోయింది. వెనక సగం కోసేసి వేరేది అతకాలి. అతికినా రవాణా ఆఫీసువాళ్ళు స్కూలు బండిగా ఒప్పుకుంటారో లేదో. నిజం చెప్పాలంటే ఇంకో బండి కొనుక్కోవడమే నయం."

ఇంకో బండి! ఆ మాట వాడంత తేలిగ్గా అనేశాడు గానీ, రెండు వైపులా బ్రేకులూ క్లచ్చులూ ఉన్న ఆ ఒక్క బండి మీదే స్కూలు అనుమతి కాగితం ఉంది. అద్దె గది, వేలాడే బోర్డు, గోడ మీద రోడ్డు గుర్తుల చార్టు... అన్నీ కలిపితే స్కూలంటే ఆ బండే. పాత బండి కాబట్టి టీచరమ్మ దగ్గర ఉన్నది ఎదుటివాళ్ళకి నష్టం జరిగితే ఇచ్చే పాలసీ మాత్రమే, సొంత బండికి చిల్లిగవ్వ రాదు. వ్యాను ఇన్సూరెన్సు కంపెనీ తప్పు తమ డ్రైవరిదని ఒప్పుకుంటే బండి వస్తుంది, స్కూలు ఉంటుంది. ఒప్పుకోకపోతే రెండూ ఉండవు. ఇందులో దాపరికం లేదు, చిక్కుముడీ లేదు.

"ఒప్పుకోకేం చేస్తారు? ఆగి ఉన్న బండిని వెనకనించి గుద్దాడు. ఎవరిని అడిగినా ఒకటే చెప్తారు," అంది టీచరమ్మ.

"అంతే అంతే," అన్నాడు తమ్ముడు.

మంగళవారం వ్యాను ఇన్సూరెన్సు కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరు షెడ్డుకి వచ్చాడు. మర్యాదస్తుడు. టేపు పెట్టి కొలిచాడు, సొట్టల్ని వేలితో తడిమాడు, వంగి వంగి ఫొటోలు తీసుకున్నాడు. తమ్ముడు తెచ్చిన టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. ఆ ఒక్క పనితో తమ్ముడి దృష్టిలో దేవుడైపోయాడు.

"కాగితాలేమన్నా ఉన్నాయా అమ్మా? బండివీ, స్కూలువీ?"

అడగడమే ఆలస్యం, టీచరమ్మ ఫైలు తీసింది. ఆ ఫైలంటే ఆవిడకి ప్రాణం. అనుమతి కాగితం, బండి కాగితాలు, వాటి వెనక నెమ్మదక్క క్లాసు కార్డు. ఈ కార్డు సంగతి కాస్త చెప్పుకోవాలి. నేర్చుకునే ప్రతి మనిషికీ స్కూలువాళ్ళు ఒక కార్డు రాయాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ పాఠం చెప్పారు, చివర ఇద్దరి సంతకాలు. ముప్పై వరసలు నిండితేనే రవాణా ఆఫీసువాళ్ళు ఆ మనిషిని పరీక్షకి రానిస్తారు. మిగతా స్కూళ్ళవాళ్ళు ఆ కార్డుల్ని కదిలే బండిలో, మోకాలి మీద పెట్టి కోడికాళ్ళలా గీకేస్తారు. టీచరమ్మ అలా కాదు. పొద్దున్నే స్కూలు గది తలుపు తీసి, బల్ల ముందు కూర్చుని, ఆ రోజు వచ్చే ఆరుగురి కార్డులూ ముందే రాసేసేది. గుండ్రటి అక్షరాలు, గీత తప్పకుండా. మనిషి వచ్చి బండెక్కే ముందే సంతకం పెట్టించేసేది. అనుకున్న పాఠం ఆ రోజు కుదరకపోతే మర్నాడు చెప్పేది, మర్నాటి వరసలో ఇంకోటి రాసి ఉన్నా సరే రెండూ చెప్పేది. ఎవరికీ పాఠం ఎగ్గొట్టలేదు. అది తప్పన్న సంగతే పదకొండేళ్ళలో ఆవిడకి తట్టలేదు. శుభ్రం అనుకుంది.

సర్వేయరు కార్డు చేతిలోకి తీసుకుని, కింది వరస దగ్గర ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎంత చక్కగా రాస్తారమ్మా మీరు! నా సర్వీసులో ఇంత శుభ్రమైన కార్డు చూడలేదు," అన్నాడు. ఫోనుతో దాన్ని ఫొటో తీసుకున్నాడు.

టీచరమ్మ పొంగిపోయింది. ఆయన వెళ్ళాక తమ్ముడితో, "చూశావా, పని తెలిసినవాళ్ళకి తెలుస్తుంది," అని కూడా అంది.

గురువారం మధ్యాహ్నం కంపెనీ ఉత్తరం వచ్చింది. టీచరమ్మ నిలబడే చదివింది, రెండోసారి కూర్చుని చదివింది. నడుస్తున్న రోడ్డు మీద శిక్షణ కారు ఉన్నట్టుండి ఆగిపోవడం వల్లే ప్రమాదం జరిగిందని వ్యాను డ్రైవరు రాసిచ్చాడు. సిగ్నల్ మాటే ఎక్కడా లేదు. దానికి తోడు, మీ క్లాసు కార్డులో ఇరవై మూడో వరస: సోమవారం, ఏడుంబావు, పాఠం: సడన్ బ్రేకు. కింద ఇద్దరి సంతకాలు. కాబట్టి నష్టపరిహారం ఇవ్వడానికి వీలుపడదు, చెప్పుకోవలసింది ఉంటే శుక్రవారం పదకొండింటికి ఆఫీసుకి రావచ్చు.

ఆ రోజు అనుకున్న పాఠం సడన్ బ్రేకే. సిగ్నల్ దాటాక ఎడమవైపున్న ఖాళీ రోడ్డు మీద చెప్పాలనుకుంది. సిగ్నల్ దాటితే కదా!

వెంటనే వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"తప్పు నాదేనని మీరే అన్నారు కదండీ. దణ్ణం పెట్టారు కదా."

"అన్నానమ్మా. మా ఓనరు రాయమన్నట్టు రాశాను. లేకపోతే పని మానుకో అన్నాడు. నన్ను తిట్టుకోండి, తిట్టుకుంటే పడతాను. మళ్ళీ ఫోన్ మాత్రం చెయ్యకండి," అన్నాడు. పెట్టేశాడు.

తమ్ముడు ఉత్తరం చదివి తల పట్టుకున్నాడు. "నీ చక్కటి చేతిరాతే మన కొంప ముంచిందక్కా. ఇప్పటికైనా ఓ పని చెయ్యి. ఇంకో కార్డు రాసెయ్. సిగ్నల్ దగ్గర ఆగడం అని రాయి. పాతది పొరపాటున రాశానని చెప్పు."

"సంతకాలు పెట్టిన కార్డురా అది. వాళ్ళ దగ్గర ఫొటో ఉంది."

"మరి నిజం అదే కదా!"

"నిజమే. కానీ ఇప్పుడు రాస్తే దొంగ కార్డే అవుతుంది," అంది టీచరమ్మ. ఆ మాట తన నోటినించి వచ్చాక తనకే విచిత్రంగా అనిపించింది. జరగనిది రాసినది అసలు కార్డు, జరిగింది రాస్తే దొంగ కార్డు. ఏం ఖర్మ!

"అయితే నెమ్మదక్కని తీసుకెళ్ళు. నోటితో చెప్తుంది. ఇద్దరు మనుషులు చెప్పాక నమ్మకేం చేస్తారు?"

నెమ్మదక్క అడగ్గానే ఒప్పుకుంది. శుక్రవారం డ్యూటీ ఇంకొకరికి మార్చుకుని, లాండ్రీ నీలం కోటు మీదే బస్టాపుకి వచ్చేసింది. బస్సులో దారి పొడుగునా చెప్పబోయేది వల్లె వేసింది.

"నేను ఆపాను. గేరు తీశాను. హ్యాండ్ బ్రేకు లాగాను. నలభై రెండు నించి లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర గుద్దాడు. ఇరవై నాలుగు సెకన్లు నిలబడే ఉన్నాం. బాగుందా టీచరమ్మా?"

"చాలా బాగుందక్కా."

"ఇంత గట్టిగా నాకు తెలిసిన సంగతి జన్మలో ఇంకోటి లేదనుకోండి. నా పెళ్ళి ముహూర్తం కూడా ఇంత బాగా గుర్తులేదు," అని నవ్వింది నెమ్మదక్క. "ఆయనకి చెప్పాను, వెళ్ళి సాక్ష్యం చెప్పొస్తానని. నువ్వా అన్నాడు. ఆఁ, నేనే అన్నాను."

కంపెనీ ఆఫీసులో పొడుగాటి వరండా, గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు. నెమ్మదక్కని బయట కూర్చోమని, టీచరమ్మని ముందు లోపలికి పిలిచారు. లోపల ఉన్న ఆఫీసరు టీచరమ్మ వయసు ఆవిడే. బల్ల మీద రెండు మూడు ఫైళ్ళ గుట్టలు, వాటి పక్కన సగం తిన్న బిస్కెట్టు. కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. కసురుకునే మనిషైతే బాగుండేదని టీచరమ్మకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

టీచరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. సిగ్నల్, అంకెలు, వ్యాను, దణ్ణం పెట్టడం. ఆఫీసరు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"నేను మీ మాట నమ్ముతున్నానండీ," అంది చివరికి. "ఆ వ్యానువాళ్ళ సంగతి మాకు కొత్త కాదు. మరి కార్డులో సడన్ బ్రేకు అని ఎందుకుంది?"

"అది పొద్దున్నే రాసిందండీ. క్లాసుకి ముందు. ఆ రోజు ఆ పాఠం దాకా వెళ్ళనేలేదు."

"సంతకాలు?"

"అవీ ముందేనండీ."

ఆఫీసరు కలం కింద పెట్టింది. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

"ఈ ఒక్క కార్డేనా? అన్నీ ఇలాగేనా?"

అడిగిన తీరులో ఏదో ఉంది.

"మీరు జవాబు చెప్పేముందు నేనొకటి చెప్పాలి," అంది ఆఫీసరు గొంతు తగ్గించి. "అన్నీ ముందే రాస్తానని మీరంటే, నేనది రాసుకోవాలి. రాసుకుంటే పరిహారం ఇప్పించగలను. ఆ అమ్మాయో, అక్కో, బయటున్నావిడ సాక్ష్యం కూడా ఉంది కాబట్టి ఇప్పించగలను. కానీ అదే కాగితం రవాణా ఆఫీసుకీ వెళ్తుంది. కార్డులు క్లాసులు జరక్కముందే నింపుతున్నారని తెలిశాక ఊరుకోవడానికి నాకు వీల్లేదు. వాళ్ళు ఏం చేస్తారో మీకు నాకంటే బాగా తెలుసు."

తెలుసు. స్కూలు అనుమతి రద్దు చేస్తారు. దాంతో ఆగితే బాగానే ఉండును. నడుస్తున్న కార్డులన్నీ చెల్లవంటారు. వచ్చే బుధవారం పరీక్షకి వెళ్ళేవాళ్ళు నలుగురు ఉన్నారు. అందులో ఒకతనికి అంబులెన్సు డ్రైవరుగా ఉద్యోగం ఖాయమై లైసెన్సు కోసం ఆగి ఉంది. ఇంకో అమ్మాయి రెండుసార్లు తప్పి, ఈసారి తప్పితే మా నాన్న మళ్ళీ పంపడు అని ఏడ్చింది. ఈ పదకొండేళ్ళలో లైసెన్సులు తీసుకున్నవాళ్ళని కూడా పిలిచి మళ్ళీ పరీక్ష పెట్టినా పెడతారు. వాళ్ళెవరూ పాఠాలు ఎగ్గొట్టలేదు. ఆవిడా ఎగ్గొట్టలేదు. అది ఏ కార్డు చూపించి చెప్పాలి?

"కార్డే నిజమంటే?" అంది టీచరమ్మ.

"అంటే ఫైలు మూసేస్తాను. పరిహారం రాదు. శిక్షణలో జరిగిన చిన్న ప్రమాదం కింద పోతుంది, మీ అనుమతికి ఏమీ కాదు. మీ వాళ్ళు ఇంకో స్కూలు బండిలో పరీక్షకి వెళ్ళచ్చు." ఆఫీసరు బిస్కెట్టు ప్లేటు పక్కకి జరిపింది. "కాసేపు బయట కూర్చుని ఆలోచించుకుంటారా?"

బండి లేని అనుమతి కాగితం ఎందుకు పనికొస్తుంది? గోడకి మేకు కొట్టి తగిలించుకోవడానికి! కోపం వచ్చింది టీచరమ్మకి. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. వ్యాను డ్రైవరు మీద అనుకుంది, వాడు దూరంగా ఉన్నాడు. ఎదురుగా ఉన్నావిడ మంచినీళ్ళు ఇచ్చింది.

"ఆలోచించేదేం లేదండీ. కార్డులో ఉన్నదే నిజం. సడన్ బ్రేకు నేర్పిస్తున్నాం," అంది.

పోతే నా బండి పోతుంది, అనుకుంది. పోయేదేదో నా ఒక్కదానిదే, అనుకుంది. ఆఫీసరు కంప్యూటర్ వైపు తిరిగి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆగి, "అప్పుడు కారు నడుపుతున్నది మీరా, ఆవిడా?" అని అడిగింది.

"ఆవిడే."

"బ్రేకు వేసింది?"

తప్పు నెమ్మదక్క నెత్తిన పడుతోందని టీచరమ్మకి అప్పుడు తట్టింది. గాజు గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. నలుగురి మొహాలు కళ్ళ ముందు నిలబడ్డాయి, వాళ్ళ పక్కన బయట కుర్చీలో ఉన్న నీలం కోటు. అబద్ధాన్ని అప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఎవరూ నోరు నొక్కలేదు.

"ఆవిడే," అంది టీచరమ్మ.

"అయితే ఆవిడ సంతకం కూడా కావాలి. పిలవండి."

నెమ్మదక్క లోపలికి వచ్చి, కోటు కిందికి లాక్కుని, ఆఫీసరుకి నమస్కారం పెట్టింది. చెప్పడానికి గొంతు కూడా సవరించుకుంది. ఆఫీసరు కాగితం ఆవిడ వైపు తిప్పి, "చదువుకుని సంతకం పెట్టండమ్మా," అంది. కార్డుకి సంతకం అడిగితే ఇరవై మూడుసార్లూ చదవకుండానే పెట్టిన మనిషి, ఇవాళ పెద్దాఫీసు కాగితం కాబట్టి ప్రతి అక్షరం మీదా వేలు ఆనించి చదివింది. 'శిక్షణ పొందుతున్న వ్యక్తి నడుస్తున్న రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేకు వేయడం వలన' అన్న చోట వేలు ఆగింది. టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మేమో బల్ల మీది ఫైళ్ళ గుట్ట వంక చూసింది. నెమ్మదక్క కింద తన పేరు పూర్తిగా, పొడుగ్గా రాసింది.

మెట్లు దిగాక, గేటు దగ్గర, నెమ్మదక్క అడిగింది.

"నేనే వేశానా టీచరమ్మా?"

"లేదక్కా. నువ్వేం చెయ్యలేదు. నిలబడే ఉన్నాం. లోపల వేరే సంగతొచ్చింది, అందుకని అలా రాయాల్సొచ్చింది. కార్డులూ, మనవాళ్ళ పరీక్షలూ..." టీచరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నన్ను నమ్మక్కా. నువ్వు వెయ్యలేదు."

నెమ్మదక్క ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి గరుకెక్కిన చెయ్యి.

"ఇంత జరిగినా నా మనసు కష్టపెట్టకూడదని చూస్తున్నారు. మీ బండి పోయింది నా వల్ల," అంది. "వేసే ఉంటాను లెండి. నాకు భయమేస్తే ఏం చేస్తానో నాకు తెలీదు. మీరు చదువుకున్నవాళ్ళు, పక్కనే ఉన్నారు, చూశారు. మీరు ఊరికే రాయరు కదా!"

"అక్కా, నలభై రెండు నించి లెక్కపెట్టావు..."

"అదే నాకూ అర్థం కావట్లేదు. లెక్కపెట్టాననే అనుకున్నాను."

బస్సు వచ్చింది. ఖాళీగా ఉన్న ఒక్క సీట్లో టీచరమ్మని కూర్చోబెట్టి, నెమ్మదక్క పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. రెండు స్టాపులు దాటాక వంగి, గొంతు తగ్గించి, "ఆయన్ని ఇంక ఆటోలోనే తీసుకెళ్తాను. నా వల్ల ఇంకెవరికీ ఏమీ కాకూడదు," అంది. మూడో స్టాపులో జాగ్రత్తగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది.